ఒకే ఆల్బమ్ కొన్నంత మాత్రాన కొలబద్ద ఒకటి కాదు

వినైల్ అభిమానుల మధ్య ఒక సలహా విస్తృతంగా చలామణిలో ఉంది. వేర్వేరు ఊళ్లలో ఉన్నవారు తమ ఆడియో సిస్టమ్‌లను పోల్చుకోవాలంటే అందరూ ఒకే ఆల్బమ్ కొనుక్కుంటే సరిపోతుందని, అది 180 గ్రాముల బరువుండే మందపాటి ముద్రణ అయితే మరీ మంచిదని, ఆ రికార్డు ఎవరి ఇంట్లో ఇంపుగా వినిపిస్తే వారి సిస్టమే మేలైనదని, చెవి ఉండగా, పరికరాలను సరిచూడడానికి స్వరాలు నింపిన టెస్ట్ రికార్డులతో పని లేదని దాని సారాంశం. అందరికీ ఉమ్మడిగా ఒక రికార్డు ఉండాలన్న మూల ఆలోచన నాకు ఎంతో నచ్చినదే. సరిగ్గా ఆ కారణంగానే, దాన్ని అక్కరకు రాకుండా చేసే ఈ నాలుగు మాటలనూ విడివిడిగా పరిశీలించవలసి ఉంది.

అన్నిటికంటే పెద్ద పొరపాటు మొదటి మాటలోనే ఉంది. అట్ట మీద పేరు ఒకటే అయినంత మాత్రాన లోపలి డిస్కు మీద సూది నడిచే గాడి ఒకటే కానక్కరలేదు. జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌నే తీసుకుందాం. ఆ ఏడాది మార్చిలో జరిగిన రికార్డింగ్‌లో వాడిన ప్రధాన టేపు యంత్రం ఉండవలసిన వేగం కంటే కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో నడిపి గాడి కత్తిరించిన (అంటే డిస్కు మీదికి గాడిగా చెక్కిన) రికార్డులలో మొదటి వైపున ఉన్న మూడు రచనలూ అసలు శ్రుతి కంటే కొద్దిగా హెచ్చుగా వినిపిస్తాయి. 1992లో, సరైన వేగంతో నడిచిన రెండో టేపు ఆధారంగా ఈ దోషాన్ని సరిదిద్దారు. ఇప్పుడు ఒకరి దగ్గర పాత ముద్రణ, మరొకరి దగ్గర సరిదిద్దిన ముద్రణ ఉన్నాయనుకుంటే, మొదటి వ్యక్తి తన టర్న్‌టేబుల్ వేగంగా తిరుగుతోందని అనుమానించి, ఏ దోషమూ లేని మోటారును విప్పదీసే ప్రమాదం ఉంది. రాక్ బృందం డైర్ స్ట్రెయిట్స్ 1985లో విడుదల చేసిన 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' సంగతి మరో రకం. అప్పటి సీడీ నిడివి సుమారు 55 నిమిషాలు కాగా, ఎల్‌పీ కోసం కొన్ని పాటలను కుదించి దాన్ని సుమారు 47 నిమిషాలకు తెచ్చారు. తర్వాత రెండు డిస్కులుగా వచ్చిన ముద్రణలలో పాటలు పూర్తి నిడివితో ఉన్నాయి. ఒక వైపున ఎంత సంగీతాన్ని ఇరికించారన్న దానిని బట్టి గాడుల మధ్య దూరం, వాటితోపాటు ధ్వని స్థాయి, బేస్ కూడా మారిపోతాయి.

మన దేశంలో ఈ చిక్కు ఇంకొంచెం ఎక్కువ. కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ నొక్కిన విదేశీ ఆల్బమ్‌లు ఇప్పటికీ పాత రికార్డుల దుకాణాలలో దొరుకుతాయి. వాటిని ఇంగ్లండు ముద్రణలతో సమానంగా భావించి పోల్చడం న్యాయం కాదు. పైగా ఆ రోజుల్లో మన ఇళ్లలో ఎక్కువగా ఉన్న సిరామిక్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ప్లేయర్లు గాడి మీద నాలుగైదు గ్రాముల బరువు మోపేవి. నేటి మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్‌లలో అధిక భాగానికి రెండు గ్రాములలోపే చాలు. కనుక ఒకసారి కూడా మోగని కాపీని, ముప్పై ఏళ్లు అలాంటి ప్లేయర్ మీద అరిగిన కాపీని పక్కపక్కన పెడితే మనం పోల్చేది సిస్టమ్‌లను కాదు, రెండు రికార్డుల గతాన్ని.

అందువల్ల ఉమ్మడి రికార్డును నిర్ణయించేటప్పుడు ఆల్బమ్ పేరుతో ఆగకూడదు. లేబులుకూ చివరి పాటకూ మధ్య ఉండే నున్నని వలయాన్ని ఏటవాలు వెలుతురులో చూస్తే, అక్కడ గీసిన లేదా పొడిచిన అంకెలు, అక్షరాలు కనిపిస్తాయి. కొన్నిటిలో కత్తిరించిన ఇంజనీరు పొడి అక్షరాలు కూడా ఉంటాయి. ఆ మ్యాట్రిక్స్ నంబర్ రెండు వైపులా సరిపోలినప్పుడే రెండు కాపీలూ ఒకే కటింగ్ నుంచి వచ్చాయని నమ్మవచ్చు. అప్పటికీ రికార్డులను నొక్కే లోహపు అచ్చులైన స్టాంపర్లు నొక్కేకొద్దీ అరుగుతాయి కాబట్టి చిన్న తేడాలు మిగిలే ఉంటాయి. ఒకే ఊరివారైతే ఒకే కాపీని ఇంటింటికీ తీసుకువెళ్లడం అన్నిటికంటే మేలు.

180 గ్రాముల విషయంలో ఎక్కువ చెప్పనక్కరలేదు. బరువు గాడిలోని సమాచారాన్ని మార్చదు. డిస్కు మందం పెరిగితే సూది వాలు కొద్దిగా మారుతుంది కనుక, పలుచని రికార్డుకు సర్దుకున్న టోన్ ఆర్మ్‌ను (కార్ట్రిడ్జ్‌ను మోసే చేతిని) మళ్లీ చూసుకోవలసి రావచ్చు, అంతే.

ఇంపుగా వినిపించేదే మేలైన సిస్టమ్ అన్న మూడో మాట ఎంతో సహజంగా తోస్తుంది. కానీ రెండు సిస్టమ్‌ల మధ్య ధ్వని స్థాయిలో ఒక డెసిబెల్ తేడా ఉన్నా, బిగ్గరగా ఉన్నదాన్ని మన చెవి స్పష్టమైనదిగా, నిండైనదిగా తీసుకుంటుంది. స్థాయిని మీటరుతో సమం చేయకుండా ఇచ్చిన తీర్పుకు విలువ లేదు. మందకొడిగా కత్తిరించిన రికార్డు పదునైన స్పీకర్ల మీద సమతూకంగా వినిపించవచ్చు. అప్పుడు రెండు లోపాలు ఒకదానినొకటి కప్పిపుచ్చుకున్నాయన్నమాట. ఇక ఇంటి గది బేస్‌ను ఎంతగా మారుస్తుందో తెలిసినవారెవరూ ఆ మార్పును కార్ట్రిడ్జ్‌కు అంటగట్టరు. ఈ విషయం తేల్చుకోవడానికి సులువైన దారి ఉంది. రికార్డుతో పాటు, నాణ్యత తెలిసిన ఒక డిజిటల్ ఫైలును కూడా రెండు ఇళ్లలోనూ వినాలి. ఫైలులోనూ అదే తేడా వినిపిస్తే కారణం గదిలోనో, స్పీకర్లలోనో, యాంప్లిఫయర్‌లోనో ఉంది. రికార్డులో మాత్రమే వినిపిస్తే సూదిని, దాని బలహీన సంకేతాన్ని పెంచే ఫోనో స్టేజ్‌ను చూడాలి.

టెస్ట్ రికార్డు అక్కరలేదన్న మాటను నేను ఏమాత్రం అంగీకరించలేను. 3150 హెర్ట్జ్ స్వరం ఉన్న ఒక ట్రాక్‌తో ప్లాటర్ (రికార్డును తిప్పే పళ్లెం) వేగం, ఊగిసలాట నిమిషాల్లో తెలిసిపోతాయి. ఎడమ, కుడి ఛానెళ్లలో ఒకదానిలో మాత్రమే స్వరం ఉన్న ట్రాక్‌తో కార్ట్రిడ్జ్ వంకరగా ఉందో లేదో పట్టుబడుతుంది. ఇవి సరిచూడకుండా సంగీతం విని తీర్పు చెబితే, కంపెనీల మధ్య తేడాగా మనం భావించేది తరచుగా బిగింపులోని తేడాయే. చెవి మీద మితిమీరిన నమ్మకం ఎక్కడికి దారి తీస్తుందో 2022లో అందరూ చూశారు. పాత ఆల్బమ్‌లను మేలైన ముద్రణలుగా తిరిగి విడుదల చేసే మొబైల్ ఫిడెలిటీ సంస్థ తన ఖరీదైన రికార్డులలో అనేకం డిజిటల్ దశ గుండా వచ్చాయని ఆ ఏడాది జులైలో ఒప్పుకుంది. అప్పటి వరకు వాటిని స్వచ్ఛమైన అనలాగ్‌కు నమూనాలుగా కీర్తించినవారు తక్కువమంది కాదు. ఆ రికార్డులు చెడ్డవని నేను అనను. అవి ఎలా తయారయ్యాయో వినికిడితోనే చెప్పగలమన్న ధీమా మాత్రం నిలవలేదు.

ఉమ్మడిగా ఎంచుకునే సంగీతంలో ఒక్క గుణం మాత్రం తప్పనిసరి అనుకుంటాను. రికార్డులో ఒక వైపు మొదట్లోనూ, చివర్లోనూ ఒకే గాయకుడి గొంతు దగ్గరగా, పెద్దగా వాద్యాలు లేకుండా వినిపించాలి. నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో బయటి అంచున గాడి సూది కింద సెకనుకు దాదాపు 51 సెంటీమీటర్లు జరిగితే, లేబులు దగ్గర దాదాపు 21 సెంటీమీటర్లే జరుగుతుంది. ఆ ఇరుకులో శ, ష, స అక్షరాలు చిట్లిపోకుండా పలికించగలగడం సూది ఆకారానికీ, బిగింపుకూ కఠినమైన పరీక్ష. ఇంగ్లీషు గాయని గొంతు కంటే, ఈ అక్షరాలు ఎలా ఉండాలో పుట్టినప్పటి నుంచి తెలిసిన తెలుగు గొంతు మన చెవికి మెరుగైన సాక్ష్యం. కాపీ కొత్తదై, మ్యాట్రిక్స్ నంబర్ సరిపోలితే, వైపు చివరి పాట తెలుగు పద్యమైనా, కీర్తనయినా ఈ పనికి నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు.