30 మందికి ఒకే బంతి: ప్రాథమిక బడిలో ఆటల లెక్క

సర్కారు ప్రాథమిక బడిలో ఆటల పీరియడ్‌ను ఒకసారి గడియారం పెట్టుకుని చూడాలి. 30 మందిని రెండు వరుసల్లో నిలబెట్టి పరుగు పందెం పెట్టారనుకుందాం. ఒక్కొక్కరు వెళ్లి రావడానికి 20 సెకన్లు. వరుసకు 15 మంది, అంటే మళ్లీ తన వంతు రావడానికి 5 నిమిషాలు. 40 నిమిషాల పీరియడ్‌లో పిల్లల్ని బయటికి తేవడం, జట్లు కట్టడం, గొడవలు తీర్చడం పోగా మిగిలేది 25. లెక్క కడితే ఒక్కో పిల్లవాడు పరిగెత్తింది 100 సెకన్లు. టైంటేబుల్‌లో మాత్రం 40 నిమిషాల ఆటలు! అదే పిల్లల్ని ముగ్గురేసి చొప్పున 10 వరుసలు చేయండి. అదే 25 నిమిషాల్లో తలా 8 నిమిషాల పరుగు దక్కుతుంది. దీనికి కొత్త బంతి అక్కర్లేదు, కొత్త పోస్టూ అక్కర్లేదు.

పోస్టు మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ప్రతి తరగతికీ ఆటవస్తువులు ఉండాలంది. వ్యాయామ విద్య నేర్పే పార్ట్‌టైమ్ బోధకుడి సంగతి వచ్చేసరికి 6 నుంచి 8 తరగతులకే, అదీ 100 మంది దాటితేనే అని గీత గీసింది. 60 మంది లోపున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లే. సమగ్ర శిక్షా పథకం కింద వచ్చే క్రీడా గ్రాంటు హైస్కూలుకు ఏడాదికి రూ.25,000 దాకా అయితే ప్రాథమిక బడికి రూ.5,000. పీఈటీ, అంటే వ్యాయామ ఉపాధ్యాయుడు వస్తాడని ఎదురుచూస్తూ కూర్చుంటే ఈ పిల్లలు ఐదో తరగతి దాటిపోతారు. ఆడించాల్సింది అన్ని పాఠాలూ చెప్పే ప్రాథమిక టీచరు, అంటే ఎస్జీటీనే. అందుకే ఆయనకు చేతనయ్యే పద్ధతి కావాలి.

‘పేదింటి పిల్లలు ఎలాగూ ఎండలో తిరుగుతుంటారు, వాళ్లకు ఆటలు నేర్పాలా’ అనే మాట తరచూ వింటాం. నీళ్ల బిందె మోయడం, చెల్లిని చంకనేసుకుని తిరగడం శ్రమే కానీ, ఆట కాదు. గెంతడం, విసరడం, పట్టుకోవడం, ఒంటికాలిపై నిలవడం ఆ పనుల్లో రావు. పైగా ఇంటికెళ్లాక ఆడపిల్లకు అంట్లు, పొయ్యి సిద్ధంగా ఉంటాయి. ఆమెకు ఆట దొరికేది బడి గంటల్లోనే, ఆ పీరియడ్ లెక్కల పాఠానికి పోతే ఇక లేనట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినట్టు 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక అవసరం. బడి అందులో సగమైనా ఇవ్వాలి.

అసలు చిక్కు ‘అవుట్’ దగ్గరుంది. కుంటుడు ఆటే తీసుకోండి. కుంటుతూ వచ్చినవాడు తాకితే అవుట్. ముందుగా దొరికేది బక్కపలచని పిల్ల, లేదా కాస్త బొద్దుగా ఉన్న పిల్లవాడు. ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాళ్లే రెండో నిమిషానికి వేపచెట్టు కింద చతికిలబడతారు. చివరిదాకా ఆడేది ఎప్పుడూ ఆ నలుగురే. దీనికి చిన్న మార్పు చాలు: తాకించుకున్నవాళ్లు కూర్చోకుండా తామూ కుంటుతూ పట్టుకునేవాళ్లలో కలవాలి. బరి చిన్నదైతే ఒకరినొకరు గుద్దుకుంటారు కాబట్టి 10 మందికో బరి గీయాలి. ఏడు పెంకులాటా అంతే. 30 మందికి ఒకే గుట్ట పెడితే బంతి గట్టివాళ్ల చేతులు దాటదు, మూడు గుట్టలు పెడితే దాటుతుంది. ఖోఖోలో నిబంధన ప్రకారం 8 మంది కూర్చోవాలి, చిన్నపిల్లలకు నలుగురు చాలు, ‘ఖో’ తొందరగా అందుతుంది. గీతలకు సున్నం వద్దు, కళ్లలో పడితే మంట. ముగ్గుపిండి మేలు.

వేళ కూడా ముఖ్యమే. ఉదయం ఏమీ తినకుండా వచ్చే పిల్లలతో ప్రార్థన వేళ గట్టి డ్రిల్లు చేయిస్తే కళ్లు తిరిగి పడతారు. ఇంటర్వెల్‌కు మరో 10 నిమిషాలు కలిపి రోజూ అప్పుడు ఒక ఆట, మధ్యాహ్న భోజనం అయ్యాక కనీసం గంట ఆగి చివరి పీరియడ్‌లో మరొకటి పెట్టుకోవచ్చు. రెండు నిమిషాలకే ఆయాసపడేవాడిని బద్ధకస్తుడని తిట్టకండి. నాలుక, కనురెప్పల లోపలిభాగం పాలిపోయి ఉన్నాయేమో చూసి ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎంకు చూపించాలి. వారం వారం ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర, ఏటా ఫిబ్రవరి, ఆగస్టుల్లో వేసే నులిపురుగుల మందు వాడికి అందుతున్నాయో లేదో కనుక్కోవాలి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవగానే ముందు ఎగిరిపోయేది ఆటలే. ఎండ ముదరకముందే, నీడలో, నీళ్లు తాగించి తొక్కుడుబిళ్ల ఆడించినా నయం.

ఇక రూ.5,000తో ఏం కొనాలి? పెద్దల క్రికెట్ కిట్టు, క్యారం బోర్డు మాత్రం వద్దు. 3వ సైజు ఫుట్‌బాల్ చిన్న పాదాలకు సరిపోతుంది. 5వ సైజుది 400 గ్రాములు దాటుతుంది, ఒకసారి మొహానికి తగిలితే ఆ పిల్ల మళ్లీ దగ్గరికి రాదు. మెత్తటి రబ్బరు బంతులు ఐదారుగురికి ఒకటి చొప్పున ఉండాలి. గెంతే తాడును మధ్యలో తొక్కి నిలబడితే రెండు కొసలూ చంకల దాకా రావాలి, అంతకన్నా పొడవైతే కాళ్లకు చుట్టుకుంటుంది. గాలి పంపు, రెండు మూడు సూదులు మరిచిపోవద్దు. చాలా బళ్లలో బంతి చచ్చేది చిరిగి కాదు, సూది లేక. ఆటకు ముందు నలుగురు పిల్లలతో పల్లేరుకాయలు, గాజుపెంకులు ఏరించాలి. ఏరేటప్పుడు టీచరు పక్కనే ఉండాలి.

ఆట బాగా సాగిందో లేదో తేల్చడానికి యాప్ అక్కర్లేదు. నలుగురు పిల్లల్ని ఎంచుకుని ఒక్కొక్కరిని ఒక్కో నిమిషం చూడండి: నిలబడ్డాడా, కదులుతున్నాడా? సగానికి సగం నిలబడే ఉంటే ఆట తీరు మార్చాలి. మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే శ్రమ సరిపోయినట్టే.

కొన్న బంతులు చివరికి చేరేది మాత్రం బీరువాలోకే. పోతే స్టాక్ రిజిస్టర్‌లో ఎవరు జవాబు చెప్పాలన్న భయం హెడ్‌మాస్టరుది, అది అర్థం చేసుకోదగ్గదే. బంతి అరిగిపోయే వస్తువని బడి యాజమాన్య కమిటీ ముందే తీర్మానం రాసుకుని, ఏడాది చివర చిరిగినవాటిని రిజిస్టర్‌లోంచి కొట్టేసేలా చూసుకోవాలి. బీరువా తాళం ఐదో తరగతి పిల్లలిద్దరికి వారం చొప్పున అప్పగిస్తే, లెక్కపెట్టి ఇచ్చి లెక్కపెట్టి తెచ్చుకునే పని వాళ్లే చూసుకుంటారు.