విండ్‌సాక్ గారికి నమస్కరించి రాయునది

మహారాజశ్రీ రన్‌వే పక్కన స్తంభమెక్కి, గాలి ఎటు నుంచి ఎంత జోరుగా వస్తోందో చెబుతూ కూర్చున్న పట్టీల గుడ్డ గొట్టం విండ్‌సాక్ గారికి నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మేం క్షేమంగా దిగాం, విమానం కూడా క్షేమమే, టైర్ల సంగతి మాత్రం వెలుతుర్లో ఇంకోసారి చూడాలి. క్షేమంగా లేనిదల్లా నా పరువు, ఈ ఉత్తరం దాని గురించే.

ముందు ఫోర్‌కాస్ట్ గారికో దండం. పొద్దున చూస్తే రెండింటికల్లా గాలి తగ్గుతుందంది, రెండింటికి చూస్తే నాలుగంది, నాలుగింటికి చూస్తే ఏకంగా సాయంత్రం అంది (సాయంత్రం అంటే ఎప్పుడమ్మా, అదేమన్నా టైమా). అవతలి ఎయిర్‌ఫీల్డ్‌లో కాలు విరిగిన కుర్చీలో బ్యాలన్స్ చేసుకుంటూ కూర్చుని రిఫ్రెష్ కొట్టీ కొట్టీ నా ఫోన్‌లో చార్జింగ్ తగ్గింది గానీ గాలి తగ్గలేదు. ఇక తగ్గినట్టే ఉందిలే అని బయల్దేరితే పైన ఎదురుగాలి 35 నాట్లు (గాలికీ విమానాలకీ వేగం కొలిచే లెక్క), మన చిన్న సెస్నా విమానం పోయేదే 110, అంటే నేల మీద లెక్కకి 75. గంటన్నర దారి రెండు గంటలు దాటింది, కింద రైలొకటి చాలాసేపు మాకు తోడొచ్చి తర్వాత బోర్ కొట్టిందేమో మలుపు తిరిగి వెళ్లిపోయింది. ట్యాంకులు నింపుకునే బయల్దేరాం కాబట్టి ఇంధనం భయం లేదు, నడుమే పోయింది. సరే, వాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్ల మాటలు ఎలాగూ గాలి మాటలే. నా పేచీ మీతో.

ఎయిర్‌ఫీల్డ్ మీదకొచ్చి కిందకి చూశాను. మీరు ఇస్త్రీ చేసిన చొక్కా చెయ్యిలాగా బిర్రుగా సాగి, అదీ రన్‌వేకి ఏటవాలుగా నిలబడి ఉన్నారు. రేడియోలో ఆటోమేటిక్ గొంతు 310 డిగ్రీల దిక్కు నుంచి 18 నాట్లు, గస్ట్ (ఉన్నట్టుండి విసిరే గాలి) 26 అని చదువుతోంది, మన రన్‌వే చూస్తే 27, అంటే 270 డిగ్రీల దిక్కు. నలభై డిగ్రీల తేడా, అంటే పక్కగాలి మామూలుగా 12 దాకా, గస్ట్ వస్తే 17. విమానం పుస్తకంలో రాసింది 15, అది కంపెనీ వాళ్ల పైలట్ చేసి చూపించిన అంకె అంతేగానీ లిమిట్ కాదు అని గ్రౌండ్‌లో టీ తాగుతూ ఎవరైనా చెప్తారు, దిగడానికి రన్‌వేకి ఎదురుగా వస్తూ ఫైనల్‌లో కూర్చున్నవాడికి చెప్పమనండి.

ఇక్కడొక మాట. మీరు 15 నాట్లకే పూర్తిగా సాగిపోతారు కదా, ఆపైన 20 అయినా 35 అయినా మీది అదే పోజు. మీ ఒంటి మీది ఒక్కో పట్టీ లేస్తే సుమారు 3 నాట్లు అని మాకు లెక్క కూడా నేర్పించారు. ఐదు పట్టీలు అయిపోయాక ఆరో పట్టీ ఎవరిస్తారండీ?

మొదటిసారి ముక్కు గాలి వైపు తిప్పి పీతలాగా పక్కకి నడుచుకుంటూ వచ్చాను, కుడి రెక్క దించి ఎడమ రడ్డర్ (ముక్కు పక్కకి తిప్పే పెడల్) తొక్కేలోపు ఒక గస్ట్ తోస్తే రన్‌వే మధ్య గీత కాస్తా మా ఆవిడ కిటికీ వైపు వెళ్లిపోయింది. గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి. రెండోసారి చక్రం తగలబోతుండగా ఎవరో కింద నుంచి అరిచేత్తో ఎత్తినట్టు విమానం లేచింది, ఇంకా గాల్లోనే ఉన్నాం, స్పీడ్ మాత్రం పడిపోతోంది. మళ్లీ ఫుల్ థ్రాటిల్. రెండుసార్లూ తల తిప్పి మీకేసి చూశాను, రెండుసార్లూ మీరు అలాగే కర్రలా ఉన్నారు. ఆ టైమ్‌లో నేను నమ్మింది మిమ్మల్నే. ఫోన్ యాప్ బయల్దేరేముందు 9 నాట్లంది, అది ఏ ఊరి గాలో దానికే తెలియాలి.

మూడోసారి అన్నీ పద్ధతిగా చేశాను. ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) కొంచెమే, స్పీడ్‌కి గస్ట్ తేడా ఎనిమిదిలో సగం కలిపి 65 బదులు 69, రెక్క దించాను, రడ్డర్ తొక్కాను, పళ్లు బిగించాను. సరిగ్గా ఫ్లేర్ దగ్గర, అంటే నేల తాకేముందు ముక్కు ఎత్తే చోట, గాలి ఆగిపోయింది. తగ్గలేదండీ, ఆగిపోయింది, స్విచ్ కట్టేసినట్టు. నేను కలిపిన ఆ నాలుగు నాట్లు ఎక్కడికి పోతాయి, విమానం దిగనంటే దిగనని రన్‌వే సగం దాకా తేలుతూ పోయింది, లేని గాలికి ఒరిగి ఉన్నాను కాబట్టి కుడి పక్కకి జారాం, సర్దబోతే దబ్బున పడింది. లేచింది. పడింది. ఇంకో చిన్న గెంతు. ఆ చివరిది లెక్కలోకి రాదని నా వాదన, మొత్తం రెండున్నర.

ఎండ దిగి నేల చల్లబడితే పైగాలి కిందకి దిగడం మానేస్తుందని, అందుకే పొద్దుగూకే వేళ గాలి పడుకుంటుందని నాకూ తెలుసు, పరీక్షలో రాశాను కూడా. పడుకో, వద్దన్నదెవరు. కానీ మధ్యాహ్నం నుంచి నీ కోసం కాచుక్కూర్చున్నవాడు నేల తాకబోయే ఆ నాలుగు సెకన్లలోనే నిద్ర రావాలా నీకు? అవును, మీరు అనడం మానేశాను, ఇక నా వల్ల కాదు. పక్కకి చూస్తే నంగనాచి తుంగబుర్రలా స్తంభానికి అతుక్కుని వేలాడుతున్నావు, ఆరేసిన సాక్సులాగా. నేనేమో యోక్ (విమానం స్టీరింగు) ఇంకా పూర్తిగా కుడికి తిప్పి పట్టుకుని, పక్కగాలిలో టాక్సీ (నేల మీద నడపడం) ఎలా చెయ్యాలో పుస్తకంలో బొమ్మ ఉంటుంది చూడు, అలా వస్తున్నా. ఆకు కూడా కదలట్లేదు.

హ్యాంగర్ ముందు కుర్చీలేసుకుని ముగ్గురు పెద్దలున్నారు. రెండో గో అరౌండ్ శబ్దానికి బయటికొచ్చారట. అందులో ఒకాయన నన్ను చూశాడు, నిన్ను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. ఏమీ అనలేదు. అని ఉంటే బావుండేది. మా ఆవిడ హెడ్‌సెట్ తీసి జుట్టు సర్దుకుంటూ చాలా మామూలుగా అడిగింది, "గాలేం లేదుగా, మరి రెండుసార్లు ఎందుకు పైకి లేపారు?" దానికి నా దగ్గర జవాబుంది, గస్ట్ స్ప్రెడ్ (ఆ గస్ట్ తేడాయే) నుంచి మొదలుపెట్టి పది నిమిషాల జవాబు. నువ్వు అలా వేలాడుతుంటే ఆ పది నిమిషాలూ సాకులాగే వినపడింది, చెప్తున్న నాకే.

విమానాన్ని తాళ్లతో కట్టేశాను. అప్పుడే దగ్గర్నుంచి చూశాను నిన్ను, రంగు వెలిసి నారింజ పట్టీ ఏదో తెల్ల పట్టీ ఏదో తెలియట్లేదు, మూతి దగ్గర కుట్టు ఊడింది, తోక అంచు పీలికలైపోయింది. ఎవడూ పట్టించుకోడు నిన్ను, నీ కింద నిలబడి తిట్టుకునేవాళ్లే గానీ. పోన్లే పాపం అనిపించింది, దారం సూది తెచ్చి ఆ కుట్టేదో వేస్తే పోలా అనుకున్నాను కూడా.

అనుకుంటూనే కారు డోర్ తీశానా, గాలి దాన్ని నా చేతిలోంచి లాగి ఫెడీమని అటు కొట్టింది. తలెత్తితే నువ్వు ఐదు పట్టీలూ నిలబెట్టుకుని రన్‌వేకి ఏటవాలుగా! ఫోటో తీసి ఆ పెద్దాయనకి చూపిద్దామంటే ఫోన్ ఎప్పుడో చచ్చిపోయింది. "ఏమే, చూడు, చూడు, అటు చూడు" అని అరిచాను. మా ఆవిడ సీటు కింద పడ్డ చార్జర్ వెతుకుతోంది, వస్తున్నా ఉండండి అంది, తీరిగ్గా లేచింది, కళ్లజోడు పెట్టుకుంది, చూసింది.

"ఏం చూడాలి?" అంది.

ఇట్లు,
రెండున్నర గెంతుల పైలట్