దగ్గుతూ పరిచయమైన కరోనా కాలర్ ట్యూన్ గారికి

హనుమకొండ నుంచి నమస్కారం. ఉభయకుశలోపరి.

2020 మార్చిలో మీరు మొదటిసారి మా ఇంటికి దగ్గుతూ వచ్చారు. పరకాలలో ఉన్న మేనత్తకు ఫోన్ కలపమంటే కలిపి నాయినమ్మ చేతికిచ్చాను. ఆమె రెండు సెకన్లు విని, ఫోన్ దూరంగా పట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దానికి ఇంత దగ్గు లేసింది, నాకు ఒక్కరన్న చెప్పలేదేందిరా?" అని నన్ను తిట్టింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మాస్కు అక్కర్లేదని పెద్దలు చెబుతున్న రోజులవి. ఫోన్ మాట్లాడటానికి కూడా కొంగు కట్టుకున్న మనిషి మా ఇంట్లో ఉంది. మిమ్మల్ని సాంతం నమ్మింది ఆమె ఒక్కతే.

బాపుకు మాత్రం మీరు మొదటి రోజే నచ్చలేదు. ఆయన ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మధ్య ముప్పై ఏళ్లు బతికిన మనిషి. అక్కడ ఒక కుప్ప తిరగేస్తే రైతు, హమాలీ, దడువాయి, అడ్తిదారు, చివరికి చాయ్ తెచ్చే పిల్లగాడు వరుసపెట్టి దగ్గాల్సిందే. అంత అనుభవంతో ఆయన మీ దగ్గు విని, "ఇది దగ్గుడు కాదురా, దగ్గినట్టు చేసుడు" అని తేల్చేశాడు.

ఆ తర్వాత మీ వాళ్ల మాటకు నిలకడ లేకుండా పోయింది. పారాసిటమాల్ గోలీ చాలని అసెంబ్లీలో విన్నాం. అదే నెలలో లాక్‌డౌన్ చూశాం. అక్కర్లేదన్న మాస్కు ఏప్రిల్‌కు తప్పనిసరి అయింది, తర్వాత అది లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అన్నారు. సరే, కొత్త రోగం, ఎవరికీ అంతుపట్టలేదు, మాట మారుతుంది. మారినందుకు నాకు కోపం లేదు. "మొన్న చెప్పింది తప్పు, ఇప్పుడు తెలిసింది ఇదీ" అని ఒక్కసారైనా అంటారేమోనని చెవి ఒగ్గి విన్నాను. మీరేమో మొన్న కూడా ఇదే చెప్పినట్టు మళ్లీ నమస్కారంతో మొదలుపెట్టేవారు. టెస్టులు, వివరాల విషయంలో హైకోర్టు సర్కారుకు ఎన్నిసార్లు అక్షింతలు వేసినా మీ గొంతులో జీర కూడా రాలేదు.

2021 ఏప్రిల్ సంగతి మీకు గుర్తుందో లేదో. 20 నుంచి రాత్రి 9 దాటితే కర్ఫ్యూ. పగలేమో కార్పొరేషన్ ఎన్నికల ప్రచారం, 30న పోలింగ్. కరోనాకు నైట్ డ్యూటీ వేశారని మా గల్లీ పిల్లలు నవ్వుకునేవాళ్లు. ఓటు అడగడానికి వచ్చినాయన మాస్కు గడ్డం కిందికి లాక్కుని, బాపు చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు. సరిగ్గా అప్పుడే నా చెవిలో మీరు దూరం పాటించమంటున్నారు. ఇద్దరిలో ఎవరిది సర్కారు మాటో మీరే చెప్పాలి.

మే నెలలో చిన్నాయనకు ఊపిరి అందలేదు. బెడ్ కోసం, సిలిండర్ కోసం రాత్రంతా ఫోన్లు చేశాను. ఎవరికి చేసినా ముందు ఎత్తింది మీరే. చేతులు కడుక్కోమన్నారు. టీకా వేయించుకోమన్నారు. తెల్లవారుజామున సిలిండర్ దొరికింది, మనిషి దక్కాడు. కానీ ఆ రాత్రి నేను మిమ్మల్ని అన్న మాటలు ఇక్కడ రాయలేను. టీకాలే లేనప్పుడు వేయించుకోమని చెవిలో ఊదరగొట్టడం ఏమిటని ఆ నెలలోనే ఢిల్లీ హైకోర్టు కూడా అడిగింది కాబట్టి, నా నోరు మరీ చెడ్డదేం కాదు.

పైగా కొవిషీల్డ్ రెండో డోసు మొదట 4 నుంచి 6 వారాలకన్నారు, తర్వాత 6 నుంచి 8, మే 13న ఏకంగా 12 నుంచి 16. ఎడం పెరిగితే రక్షణ పెరుగుతుందని విదేశాల్లో తేలిన మాట నిజమే. ఆ నిజం మా సెంటర్ దగ్గర నో స్టాక్ బోర్డు పెట్టిన రోజుల్లోనే బయటికొచ్చింది. "సరుకు లేనప్పుడు గడువు పెంచుడు మా మార్కెట్ల ఎప్పటి నుంచో ఉన్నదే" అన్నాడు బాపు. మీ మీద అలిగి మొదటి డోసు కూడా వేసుకోలేదు. పొద్దున్నే మిరియాల కషాయం తాగేవాడు. వాట్సాప్‌లో ఎవడేం పంపినా వినేవాడు.

చివరికి ఆయన్ను కదిలించింది మా వాడకు వచ్చే ఆశా వర్కర్. గడపలో నిలబడి, "నేను ఏసుకున్న కాకా. రెండు రోజులు జ్వరమొచ్చింది, రెక్క గుంజింది. నీకూ వస్తది. గోలీ ఏసుకొని పండుకో" అంది. అంతే. మర్నాడే అంగీ తొడుక్కుని బయల్దేరాడు.

ఆ రాత్రి నిజంగానే జ్వరం వచ్చింది. దుప్పటి కింద వణుకుతూనే, "చూసినవా, ఆ పిల్ల చెప్పినట్టే వచ్చింది" అని మురిసిపోయాడు. తెల్లారి లేచి రెండో డోసు తేదీకి క్యాలెండర్ మీద తనే సున్నా చుట్టుకున్నాడు. జేబులో పెన్ను ఉండగా, నా కొడుకు పెన్సిల్ అడిగి తీసుకుని మరీ.

ఇట్లు,
మిమ్మల్ని ఏ ఒక్కసారీ చివరిదాకా విననివ్వని తొందరలో ఉన్న
ఒక చందాదారు