ఫీజు లేకపోతే చాలదు, చేతిలో డబ్బుండాలి

క్లాసులో ఒక సీటు ఒక్కరోజులో ఖాళీ కాదు. ముందు సోమవారాలు పోతాయి. శని, ఆదివారాలు అర్ధరాత్రి దాకా పనిచేసి వచ్చిన పిల్లాడు సోమవారం పొద్దున లేవలేడు. తర్వాత మిగతా రోజుల్లోనూ మొదటి పీరియడ్ పోతుంది. వచ్చిన రోజున చివరి బెంచీలో చేతుల మీద తల పెట్టుకుని నిద్రపోతాడు. టీచరు హాజరు పిలుస్తుంటే పక్కవాళ్లు "పనికెళ్లాడు సార్" అంటారు. కొన్ని వారాలయ్యాక ఆ జవాబు కూడా రాదు. రిజిస్టర్‌లో అతని పేరు ఎదురుగా వరసగా ఆబ్సెంట్లు పడుతూ పోయి, ఒక నెల కొత్త పేజీ తిప్పినప్పుడు ఆ పేరే రాయరు. పదిహేడేళ్ల పిల్లాడి చదువు చాలాచోట్ల ఇలాగే ఆగిపోతుంది. అతన్ని ఎవరూ వెళ్లిపొమ్మనలేదు. చదువు మీద విరక్తీ పుట్టలేదు. ఫీజు బాకీ కూడా లేదు.

ఫీజు బాకీ లేదన్న ఆ సంగతి గురించే ఈరోజు మాట్లాడాలి. ఫీజు రద్దు చేస్తే చదువు ఉచితమైపోయినట్టేనని ప్రభుత్వాలు చాలాకాలంగా అనుకుంటున్నాయి. ఏడేళ్ల పిల్ల విషయంలో ఆ మాట చాలావరకు చెల్లుతుంది. ఆ పిల్ల బడికి వెళ్లినా వెళ్లకపోయినా ఇంటి ఆదాయంలో పెద్ద తేడా రాదు. పదహారు, పదిహేడేళ్లు వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఆ వయసు పిల్లలు పనికి వెళితే కూలి వస్తుంది. క్లాసులో కూర్చున్న ప్రతి రోజూ ఇంటికి ఒక రోజు కూలి నష్టం. దాని మీద బస్సు చార్జీలు, పుస్తకాలు, ప్రాక్టికల్స్‌కు కావలసిన సామాను, పరీక్ష దరఖాస్తు రుసుము, ఫోన్‌లో డేటా. వీటిలో ఒక్కటీ రద్దయిన ఫీజు కిందికి రాదు. అన్నీ కలిస్తే మాత్రం చదువు మాన్పించడానికి సరిపోతాయి. అద్దె కట్టాల్సిన తేదీ దగ్గర పడుతున్న ఇంట్లో తల్లిదండ్రులు పిల్లాణ్ని పనికి పంపితే దాన్ని అజ్ఞానం అనకూడదు. చదువు విలువ వాళ్లకు తెలుసు. ఆ విలువ చేతికొచ్చే దాకా ఆగే స్తోమతే లేదు.

బడికి, కాలేజీకి దూరంగా ఉన్న పిల్లల సంఖ్య ప్రపంచం మొత్తం మీద 24.4 కోట్లని యునెస్కో 2022లో చెప్పింది. ఇది 6 నుంచి 18 ఏళ్ల వారి లెక్క. వారిలో సుమారు సగం మంది, అంటే 12 కోట్లకు పైగా, స్కూలు చదువులో చివరి రెండు మూడు తరగతులు చదవాల్సిన వయసు వాళ్లే. చిన్నపిల్లలను బడిలో చేర్పించడానికి దశాబ్దాలుగా ఉద్యమాలు నడిచాయి, చట్టాలు వచ్చాయి. పెద్ద పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టుదల సడలిపోయింది. అప్పటికే రాయడం, చదవడం వచ్చేసింది కదా అన్న తృప్తి దీనికి ఒక కారణమని మా అనుమానం. ఉద్యోగానికైనా, వృత్తి శిక్షణకైనా, పై చదువుకైనా అడిగే సర్టిఫికెట్ ఆ చివరి రెండేళ్లు పూర్తి చేస్తేనే వస్తుంది. అంతదాకా వచ్చి అక్కడ ఆగిపోయిన పిల్లలకు అంతకుముందు పదేళ్లు చదివిన చదువుకూ మార్కెట్‌లో విలువ తగ్గిపోతుంది.

ఫీజు సంగతి అలా ఉంచి, ఈ వయసు పిల్లలకే నేరుగా కొంత డబ్బు ఇస్తే ఏమవుతుంది? ఇంగ్లండ్ ఆ పని చేసి చూసింది. 1999లో కొన్ని ప్రాంతాల్లో ప్రయోగంగా మొదలుపెట్టి, 2004లో దేశమంతటా ఎడ్యుకేషన్ మెయింటెనెన్స్ అలవెన్స్ అనే చదువు భత్యం అమలు చేసింది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలు 16 ఏళ్ల తర్వాత కూడా చదువు కొనసాగిస్తే, వారానికి 10, 20 లేదా 30 పౌండ్లు వాళ్ల సొంత బ్యాంకు ఖాతాలో వేసింది. అటెండెన్స్ సరిగా ఉంటేనే ఆ వారం డబ్బు పడేది. ప్రయోగ దశ ఫలితాలను పరిశీలించిన ఆర్థిక అధ్యయన సంస్థ ఐఎఫ్ఎస్, భత్యానికి అర్హులైన వారిలో చదువు కొనసాగించిన పదహారేళ్ల వాళ్లు 65 శాతం నుంచి 69 శాతానికి, పదిహేడేళ్ల వాళ్లు 54 నుంచి 61 శాతానికి పెరిగారని తేల్చింది. రెండో ఏడాది ప్రభావం ఎక్కువ కావడం గమనించాలి. పిల్లలు జారిపోయేది ఎక్కువగా అక్కడే.

2010 చివర్లో కొత్త ప్రభుత్వం ఈ పథకాన్ని ఇంగ్లండ్‌లో రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. ఏడాదికి సుమారు 56 కోట్ల పౌండ్ల ఖర్చును తీసేసి, దాని స్థానంలో 18 కోట్ల పౌండ్లతో బర్సరీ అనే విద్యార్థి సాయ నిధి పెట్టింది. ఆ నిధిలో ఎవరికి ఎంత ఇవ్వాలన్నది చాలావరకు కాలేజీల విచక్షణకే వదిలేసింది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ మాత్రం పాత పద్ధతినే కొనసాగించాయి. వేల్స్ 2023లో వారపు మొత్తాన్ని 40 పౌండ్లకు పెంచింది కూడా. మాకు మింగుడుపడని విషయం ఇంకొకటి ఉంది. ఇదే ఇంగ్లండ్ 2013లో పిల్లలు 17 ఏళ్ల దాకా, 2015 నుంచి 18 ఏళ్ల దాకా ఏదో ఒక చదువులో లేదా శిక్షణలో తప్పనిసరిగా ఉండాలని చట్టం అమలు చేసింది. ఉండటానికి ఆసరా ఇచ్చే భత్యం పోయింది, ఉండి తీరాలన్న చట్టం వచ్చింది. చదువులో ఉండటం బాధ్యత అన్నప్పుడు, ఆ బాధ్యత మోయడానికయ్యే ఖర్చును అందరికంటే పేద ఇంటి మీదే పెట్టడం న్యాయం కాదు.

రద్దు చేసినవారు చూపిన ప్రధాన కారణాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. భత్యం లేకపోతే చదివేవాళ్లం కాదని చెప్పినవారు ఒక సర్వేలో సుమారు 12 శాతమే. మిగిలినవాళ్లు ఎలాగూ చదివేవాళ్లే కదా, వాళ్లకిచ్చిన డబ్బంతా వృథాయే కదా అన్నది వాదన. చూడగానే నిజమే అనిపిస్తుంది. అయితే ఎలాగూ చదివే పిల్ల ఎలా చదువుతోందో కూడా చూడాలి. రెండు బస్సులు మారాల్సినచోట ఒకటి ఎక్కి మిగతా దూరం నడిచి వస్తోందా? మధ్యాహ్నం ఆకలితో కూర్చుంటోందా? పరీక్షల ముందు వారం కూడా సాయంత్రం షిఫ్టుకు వెళుతోందా? డ్రాపౌట్ల లెక్కలో ఈ పిల్ల కనబడదు. హాజరు పట్టీలో ఉంటుంది, ఫలితాల పట్టీలో కింద ఉంటుంది. ఆమె చేతికి వెళ్లిన డబ్బును మేము వృథా అనలేం.

అలాగని డబ్బు ఇస్తే చాలు, అంతా సర్దుకుంటుందని కూడా అనం. ఈ ఖర్చు పిల్లల భవిష్యత్ సంపాదన రూపంలో తిరిగి వచ్చేస్తుందని 2010లో అంచనా వేసిన ఐఎఫ్ఎస్ సంస్థే, ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్ల రికార్డులన్నీ పరిశీలించి 2024లో మరో నివేదిక ఇచ్చింది. చదువులో కొనసాగినవాళ్లు కొద్దిగా పెరిగారు గానీ, మార్కులు మెరుగుపడలేదని, సంపాదన కూడా పెరగలేదని అందులో తేలింది. ఈ పథకాలను సమర్థించే మాలాంటివాళ్లు ఆ నివేదికను పక్కన పెట్టేయకూడదు. డబ్బు పిల్లల్ని క్లాసు దాకా తీసుకురాగలదు. క్లాసులో చెప్పే చదువు దేనికీ కొరగానిదైతే, ఆ రెండేళ్లూ వాళ్లు వదులుకున్న పని అనుభవం నిజమైన నష్టమే. కాబట్టి భత్యానికి ఒక చేత్తో నిధులిస్తూ, రెండో చేత్తో ఆ వయసు వాళ్లకు చెప్పే కోర్సులను, టీచర్లను, వృత్తి శిక్షణను బాగుచేయాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే ఫలితం ఇలాగే ఉంటుంది.

డబ్బు ఎంత అన్నదాని మీద జరిగినంత చర్చ ఎప్పుడు ఇవ్వాలన్నదాని మీద జరగదు. అసలు కిటుకు అక్కడుంది. కొలంబియా రాజధాని బొగోటాలో 2005లో ఒక ప్రయోగం చేశారు. కొందరు పిల్లల కుటుంబాలకు మొత్తం భత్యం ఏడాది పొడవునా విడతలుగా ఇచ్చారు. ఇంకొందరికి అలా మూడింట రెండొంతులే ఇచ్చి, మిగతా వంతు దాచిపెట్టి, మరుసటి ఏడాది చేరే సమయంలో ఒకేసారి ఇచ్చారు. హాజరు రెండు పద్ధతుల్లోనూ పెరిగింది. మళ్లీ చేరే దగ్గర మాత్రం దాచి ఇచ్చిన పద్ధతే బాగా పనిచేసింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఏడాది మధ్యలో చదువు మానేసేవాళ్లతో పాటు, సెలవుల్లో పనికెళ్లి తిరిగిరాని వాళ్లూ ఉంటారు. పుస్తకాలు, బట్టలు, అడ్మిషన్ ఖర్చులు అన్నీ ఒక్కసారే మీదపడేది కూడా అప్పుడే.

బ్రెజిల్ 2024లో మొదలుపెట్టిన పథకంలో ఈ రెండు ఆలోచనలూ కలిశాయి. దాని పేరు పే-ది-మెయా. మన మాటల్లో చెప్పాలంటే కొంగున ముడేసుకున్న డబ్బు. ప్రభుత్వ స్కూళ్లలో చివరి మూడేళ్లు చదివే పేద పిల్లలకు 80 శాతం హాజరు ఉంటే నెలకు 200 రియల్స్ ఇస్తారు. ఒక్కో ఏడాది పాసైనందుకు 1000 రియల్స్ చొప్పున ఖాతాలో వేసి, మొత్తం కోర్సు పూర్తి చేశాకే తీసుకోనిస్తారు. యూనివర్సిటీ ప్రవేశానికి పనికొచ్చే జాతీయ పరీక్ష రాస్తే ఇంకో 200. నెల ఖర్చుకు నెల డబ్బు, చివరి దాకా నిలబడటానికి దాచిన డబ్బు. దీర్ఘకాల ఫలితాలు తెలియడానికి టైమ్ పడుతుంది గానీ, ఆ వయసు పిల్లల ఇబ్బంది ఎక్కడుందో తెలిసినవాళ్లు రాసిన పథకం ఇది అనిపిస్తుంది.

బొగోటా ప్రయోగంలో మమ్మల్ని కలవరపెట్టిన విషయం కూడా ఒకటుంది. ఒకే ఇంట్లో ఒకరికి భత్యం వచ్చి, తోబుట్టువుకు రాకపోతే, ఆ రానివాళ్ల చదువు దెబ్బతింది. పని భారం వాళ్ల మీద పడింది. ముఖ్యంగా అక్కచెల్లెళ్ల మీద. అన్న హాజరుకు డబ్బు వస్తుంది కాబట్టి అతను క్లాసుకు వెళ్లాలి, ఇంటి పనికి, బయటి పనికి చెల్లెలు ఉండాలి. కుటుంబానికి ఒక్కరికే అనే నిబంధన పెట్టి నిధులు మిగుల్చుకోవాలనుకునే ప్రతి ప్రభుత్వమూ ఈ ఫలితాన్ని చదవాలి. ఒక ఇంట్లో అర్హత వయసులో ఇద్దరుంటే ఇద్దరికీ ఇవ్వాలి. దీనిలో మాకు రెండో ఆలోచన లేదు.

డబ్బు ఎవరి చేతికివ్వాలన్నదానిపై దేశానికో పద్ధతి ఉంది. 1997లో ప్రోగ్రెసా అనే నగదు సాయ పథకం మొదలుపెట్టిన మెక్సికో తల్లుల చేతికిచ్చింది. పై తరగతికి వెళ్లేకొద్దీ మొత్తం పెంచింది, సెకండరీ స్థాయిలో ఆడపిల్లలకు మగపిల్లల కంటే ఎక్కువ ఇచ్చింది. 1994లో దేశవ్యాప్తంగా బాలికల సెకండరీ స్టైపెండ్ ప్రారంభించిన బంగ్లాదేశ్, పెళ్లి కాకుండా చదువులో ఉన్న బాలికల పేరుతోనే బ్యాంకు ఖాతాలు తెరిపించింది. చిన్నపిల్లల విషయంలో తల్లి చేతికివ్వడమే మేలు. పదహారు దాటినవారికి మాత్రం సొంత ఖాతాలోకే వెళ్లాలన్నది మా అభిప్రాయం. బస్ పాస్ కోసం ప్రతి నెలా ఇంట్లో చెయ్యి చాచాల్సి వచ్చిన పిల్లకు, "ఈ నెలకు నా దగ్గర ఉంది" అని చెప్పగలగడం చిన్న విషయం కాదు. చదువు మాన్పించే మాట ఇంట్లో వచ్చినప్పుడు ఆమె తరఫున మాట్లాడేది ఆ ఖాతాయే. పిల్లలు పాడుచేస్తారన్న భయం ఉంటుంది. ఒక్కోసారి ఆ డబ్బుతో సినిమాకు వెళతారు కూడా. దానికి ఉలిక్కిపడాల్సిన పని లేదు.

హాజరు నిబంధన ఉండటం సబబే. కానీ దాన్ని అమలు చేసే తీరులో దయ ఉండాలి. జ్వరమొచ్చి పది రోజులు పడుకున్న పిల్లాడికి, మంచం పట్టిన అమ్మను చూసుకుంటున్న పిల్లకు ఆ నెల డబ్బు ఆపేస్తే గోరుచుట్టు మీద రోకటి పోటే. డబ్బు ఆపే ముందు ఎవరో ఒకరు ఆ పిల్లలతో మాట్లాడి, ఎందుకు రాలేదో కనుక్కోవాలి. మేము మొదట చెప్పిన పిల్లాడి సోమవారాలు పోతున్నప్పుడే ఆ మాట అడిగేవాళ్లు ఉంటే, రిజిస్టర్‌లో పేరు పోయే దాకా వచ్చేది కాదు.

దరఖాస్తుల సంగతి అందరికీ తెలిసిందే. ఆదాయ ధ్రువీకరణ ఒక ఆఫీసులో, నివాస ధ్రువీకరణ ఇంకో ఆఫీసులో, మధ్యలో సర్వర్ డౌన్. విడిపోయిన తండ్రి సంతకం ఎక్కడి నుంచి తేవాలో తెలియక ఫారం మడిచి పుస్తకంలో పెట్టేసుకున్న పిల్లలు ఎందరో. కుటుంబ ఆదాయం వివరాలు ఇప్పటికే ఏదో ఒక సంక్షేమ పథకం కింద ప్రభుత్వం దగ్గర ఉన్నప్పుడు, మళ్లీ ఆ కాగితాలన్నీ పిల్లలతో తెప్పించడం ఎందుకు? అర్హులను ప్రభుత్వమే గుర్తించి, కాలేజీలో చేరిన రోజే నమోదు చేయొచ్చు.

ఇక ఆలస్యం. ఏడాది అంతా సొంత ఖర్చుతో చదివితే తర్వాత ఇస్తాం అనే పథకం, ఆ ఖర్చు ముందుగా పెట్టగలిగిన ఇంటికే పనికొస్తుంది. నవంబరులో మానేసిన పిల్లకు మార్చిలో వచ్చిన డబ్బు చేతులు కాలాక పట్టుకున్న ఆకులే. బడ్జెట్‌లో ఘనంగా కనిపించే కేటాయింపులు, బిల్లులు పెండింగ్‌లో పడి, పిల్లల దగ్గరికి చేరేసరికి ఆ పిల్లలే అక్కడ ఉండని పరిస్థితి వస్తోంది. జీతాల తేదీ తప్పితే ఎంత టెన్షన్ పడతామో ఉద్యోగం చేసే ప్రతివారికీ తెలుసు. ఈ భత్యాన్నీ జీతంలాగే చూడాలి. వచ్చే విద్యా సంవత్సరానికి అంచనాలు తయారుచేసే అధికారులు మొత్తం ఎంత అన్న గడి పక్కన ఏ తేదీన అన్న గడి కూడా పెట్టి నింపాలని కోరుతున్నాం. మొదటి తేదీ, క్లాసులు మొదలైన మొదటి నెలలోనే ఉండాలి.