కబాయికి చివరి రేటెంత?

విజయనగర కాలపు వేషాలను, అందునా చేత్తో కుట్టినవాటిని, అమ్మడం పుణ్యకార్యమని నమ్మి మారతహళ్లిలోని మా అపార్టుమెంటు పార్కింగులో మూట విప్పిన నాకు, బెంగళూరు తెలుగువారి బేరమాడే విద్య ఎంత లోతైనదో ఒక్క ఆదివారంలోనే బోధపడింది. మా బృందం మూడేళ్లు రాయలవారి కొలువును ప్రదర్శించి, నడుములు పెరిగి కబాయిలు, అంటే ఆ కాలపు పొడుగాటి అంగీలు, పట్టకపోవడంతో విరమించుకుంది. అంతకు మించిన విషాదమేమీ లేదు.

సరుకు నాలుగు కబాయిలు, ఆరు కుళ్లాయిలు (పొడుగాటి టోపీలు), రెండు గొంగళ్లు, ఒక బొంత. ఆ వేషం మా కల్పన కాదు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, రాయలవారు బంగారు గులాబీలు కుట్టిన తెల్లని వస్త్రాలు ధరించి, తలపై జరీ టోపీతో, చెప్పులు లేని పాదాలతో కనిపించారని రాశాడు. అంతకు ముందు శతాబ్దంలోనే కవి శ్రీనాథుడు కుళ్లాయి పెట్టి, కూర్పాసమనే చొక్కా తొడిగి, చివరకు దయ లేదా అని కన్నడ రాజ్యలక్ష్మికే మొరపెట్టుకున్నాడు. ఆయన బాధ నాకు ఇప్పుడు అర్థమైంది.

వచ్చిన పెద్దమనిషి ముందుగా కుళ్లాయి పెట్టుకుని కారు అద్దంలో చూసుకున్నారు. ఆ తరువాత గంటసేపూ దాన్ని తీయలేదు. కబాయి అస్తరు లాగి చూసి, జిప్పు ఎక్కడుందని అడిగారు. జిప్పు ఇప్పటి రూపానికి వచ్చింది 1913 ప్రాంతంలోననీ, రాయలవారు 1529లోనే గతించారనీ విన్నవించాను. “అయితే పాత మోడలన్నమాట, తగ్గించండి” అన్నారు. పిమ్మట గొంగళిని బుగ్గకు ఆనించుకుని, గుచ్చుకుంటోందని నిర్ధారించి, అందులోంచి నాలుగు వెంట్రుకలు ఏరి నా అరచేతిలో పెట్టి, ఇది లోపమా కాదా చెప్పమన్నారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరేవారి గురించి సామెతలో విన్నానే గానీ, తినకుండా, కొనకుండా ఏరే మనిషిని చూడడం అదే మొదలు. గొర్రెకు లేని ఇబ్బంది మీకెందుకండీ అని అడగబోయి, అమ్మేవాడిని గనుక నవ్వి ఊరుకున్నాను. అన్ని కబాయిలకూ కలిపి 600 రూపాయలు ఇస్తామనీ, గొంగళి ఊరికే ఇవ్వాలనీ తీర్పు వెలువడింది.

ఆపై బొంత తిరగేసి, “కుట్లు వంకరగా ఉన్నాయి, మిషను మీద వేయించాల్సింది” అన్నారు.

ఆ బొంత మా అమ్మ కుట్టింది. ఏడు పాత చీరలు పొరలుగా పరిచి, గచ్చు మీద కూర్చుని, అంచు నుంచి నడిమికి చుట్టూ తిరుగుతూ వేసవంతా కుట్టింది. నడిమి వరుసలు వంకరపోయింది ఆమె కళ్లకు శుక్లాలు వచ్చినందుకు. మాల్‌లో ‘హ్యాండ్‌మేడ్’ అన్న చీటీ చూసి సబ్బు ముక్కకు అడిగినంత పోసి వచ్చే ఈ మహానుభావులకు, ఎదురుగా మనిషి చెయ్యి కనబడితే మాత్రం అది తగ్గింపు అడగడానికి దొరికిన సందు! సిగ్గుండాలి. దాన్ని నాటకం సామాను అనుకుని అమ్మకానికి పరిచినందుకు నాకూ ఉండాలి.

బొంత మడిచి చంకన పెట్టుకుని లిఫ్టు ఎక్కాను. తలుపులు మూసుకుంటుండగా, కుళ్లాయి పెట్టుకున్న ఆ తల లోపలికి వంగి, “సరే, 650” అంది.