యాడ్స్ చూస్తే రీచార్జ్ ఫ్రీ అట!

ఆ వాట్సాప్ ఫార్వర్డు మళ్లీ వచ్చింది. కావలి ఇంటర్ బ్యాచ్ గ్రూపులో ఒకసారి, రొయ్యల రైతుల గ్రూపులో ఒకసారి, చివరికి మా పిన్ని దగ్గర్నుంచి "ఇది నిజమేనా అబ్బయ్యా" అంటూ ఇంకోసారి. చూడని అదృష్టవంతుల కోసం సారాంశం: ప్రకటనల డబ్బుతో ఫోన్ సర్వీసు అందరికీ ఉచితంగా ఇవ్వొచ్చట. ఇంగ్లండులో ఇస్తున్నారట. ఫేస్‌బుక్ ప్రకటనలతోనే ఫ్రీగా నడవగా లేంది మన ఫోన్ కంపెనీలకేం రోగమట. ఫోన్ కంపెనీల మీద పెత్తనం చేసే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ కూడా ఒప్పుకుందట. కింద లింకులో యాప్ వేసుకుంటే మూడు నెలల రీచార్జ్, పది గ్రూపులకు పంపితే ఇంకో నెల.

ఇంగ్లండులో ఇస్తున్నారు కాదు, ఇచ్చారు. 2007లో బ్లిక్ అనే కంపెనీ మొదలైంది. పెట్టినవాళ్లలో ఒకరు నోకియాకు ప్రెసిడెంటుగా చేసిన పెక్కా అలా-పియెటిలా, అంటే ఫోన్ వ్యాపారం తెలియని మనిషేం కాదు. రోజుకు ఆరు దాకా ప్రకటనలు చూస్తే నెలకు 217 మెసేజ్‌లు, 43 నిమిషాల కాల్స్ ఉచితం. నెలకు 43 నిమిషాలు! ఒంగోల్లో ఉన్న కూతురితో మా పిన్నికి ఒక పూటకే చాలవు. పైగా అది 16 నుంచి 24 ఏళ్ల వాళ్లకే. ప్రకటనలిచ్చే వాళ్లకు కావలసింది ఆ వయసు వాళ్లే మరి. 2009లో ఆ నెట్‌వర్క్ మూతపడింది. ఫార్వర్డు రాసినాయనకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఇక ఫేస్‌బుక్. 2023 చివరి మూడు నెలల్లో ఆసియా-పసిఫిక్‌లో ఒక్కో మనిషి మీద ఫేస్‌బుక్‌కు వచ్చింది సుమారు ఐదున్నర డాలర్లు. అమెరికా, కెనడాల్లో అయితే 68 డాలర్ల పైన. మన వైపు లెక్క నెలకు 150 రూపాయలు పడుతుంది. అదీ పండగ సీజన్లో, జపాన్, ఆస్ట్రేలియా వాళ్లను కూడా కలుపుకొని. అల్లూరు దగ్గర రొయ్యల గుంటకు కాపలా ఉండే మనిషి వాటా అందులో ఎంతుంటుందో మీరే చూసుకోండి. ఇటు మన పెద్ద ఆపరేటర్లు ఒక్కో కస్టమర్ నుంచి నెలకు సగటున 200 పైనే రాబట్టుకుంటున్నారు. సిగ్నళ్లకు ప్రభుత్వం దగ్గర కొనే స్పెక్ట్రం, టవర్లు, వాటికి కరెంటు ఖర్చు ఆపరేటర్లవి, ఫేస్‌బుక్‌వి కావు. ప్రకటనలు అమ్మడంలో అంత ఆరితేరిన కంపెనీకే అంతే వస్తే, మన ఆపరేటర్లు దాచుకున్న నిధి ఎక్కడుంది?

ట్రాయ్ ఒప్పుకుందా? ఫేస్‌బుక్ తాను ఎంచుకున్న కొన్ని సైట్లను మాత్రం ఉచితంగా చూపిస్తానంటేనే 2016 ఫిబ్రవరిలో కుదరదు పొమ్మంది. పది గ్రూపుల సంగతికి జవాబు రాయడం కూడా దండగ.

అసలు విషం ఆ లింకులో ఉంది. అది ప్లే స్టోర్‌కు పోదు, నేరుగా ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్ తనిఖీ లేని యాప్, దిగుతుంది. ఫోన్ ప్రమాదం అని హెచ్చరిస్తే "భయపడకండి, ఓకే నొక్కండి" అని ఫార్వర్డులోనే రాశారు, ఎంత శ్రద్ధో! పిన్ని ఫోన్ తీసుకుని చూస్తే సగం పని అయిపోయి ఉంది. మెసేజ్‌లు చదవనివ్వు అంటోంది, కాంటాక్టులు చూడనివ్వు అంటోంది, మిగతా యాప్‌ల మీద కనిపించనివ్వు అంటోంది. సబ్బు ప్రకటన చూపించేవాడికి మీ మెసేజ్‌లతో పనేంటి సామీ? పని ఉన్నది ఓటీపీలతో. మెసేజ్‌లకు అనుమతిచ్చారంటే మీరు ఎవరికీ ఓటీపీ చెప్పక్కర్లేదు, వాళ్లే చదువుకుంటారు. రొయ్యల పట్టుబడి డబ్బులు ఖాతాలో పడే రోజుల్లో దీన్ని రైతుల గ్రూపులో వేసిన మహానుభావుడు పాపం మేలే చేద్దామనుకున్నాడు. రీచార్జ్ ఫ్రీనే, స్పాన్సర్ మాత్రం మీ బ్యాంకు ఖాతా. ఇప్పటికే వేసుకున్నవాళ్లు డేటా, వైఫై ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి. డబ్బు పోయుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రేపు చూద్దాంలే అనుకుంటే ఆ డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

ప్రకటనల డబ్బుతో ఫోన్లో ఏదీ నడవదని మాత్రం నేననను. బీహార్ పల్లెల్లో హిందుస్థాన్ యూనిలీవర్ 'కాన్ ఖజూరా టేసన్' నడిపింది. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి ఫోన్ వచ్చేది. పదిహేను నిమిషాలు పాటలు, జోకులు, మధ్యలో ప్రకటనలు. వినేవాళ్లకు పైసా ఖర్చు లేదు. బాగా నడిచింది కూడా. కానీ అది పావుగంట వినోదం, నెట్‌వర్క్ కాదు.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ ఫార్వర్డులోని కోపం న్యాయమైనదే. మాట్లాడటానికి తప్ప ఫోన్ వాడని పెద్దవాళ్ల చేత ఏళ్ల తరబడి డేటా కొనిపించారు. 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించాకే కాల్స్, మెసేజ్‌లకు మాత్రమే విడిగా ప్లాన్లు వచ్చాయి. వచ్చిన కొత్తలో 84 రోజులకు 450 రూపాయల అటూ ఇటూ ఉండేవి. రీచార్జ్ షాపులో అడిగితే ఒక్కోసారి "అట్లాంటివి లేవన్నా" అంటారు. ఉన్నాయి. కంపెనీ యాప్‌లోనే కింద ఎక్కడో ఉంటాయి, వెతికి చూపించండి.