అధ్యక్షా, బండి తీయించండి!

హైదరాబాద్ నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌కి ఉన్నంత శాసన పర్యవేక్షణ దేశంలో ఏ తోటకీ ఉండదని సవినయంగా మనవి చేస్తున్నాను. 1846లో వేసిన ఈ తోటలో స్టేట్ మ్యూజియం ఉంది, జూబ్లీ హాలుంది, బాలభవన్ ఉంది, లలితకళా తోరణం ఉంది. వాటిని ఆనుకునే శాసనసభ ఉంది. వేరే చోట్ల ఒక పార్కులో పార్కింగ్ ఎవరి చేతిలో ఉందో, ఏ కట్టడం ఎవరికి ఎన్నేళ్లకి ఇచ్చారో ప్రజాప్రతినిధులకి తెలియాలంటే ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక రావాలి, దాన్ని సభలో పెట్టాలి, శాసనసభ ప్రజాపద్దుల సంఘం (పీఏసీ) అధికారులని పిలవాలి, వాళ్లొచ్చి ఫైలు కనిపించడం లేదని చెప్పాలి. మన సభ్యులకి ఆ తిప్పలేవీ లేవు. కిటికీ తెరిస్తే చాలు.

తెరవకపోవడానికి కారణం ఏసీ.

శాసనసభ పాత భవనం సంగతి తెలిసిందే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా జనం చందాలేసుకుని కట్టించిన టౌన్ హాలు అది. 1905లో మొదలుపెడితే 1913కి పూర్తయింది. ఈలోగా 1911లో నిజాం గారే పోయారు. పుట్టినరోజు కానుక పుట్టినరోజు మనిషి పోయాక చేతికందడం మన ప్రభుత్వ పనుల్లో ఈనాటికీ చెక్కుచెదరని సంప్రదాయం. జనం సొమ్ముతో కట్టిన ఇంట్లో ఐదేళ్ల లీజు మీద ఉంటున్నవాళ్లకి లీజుల గురించి మనం కొత్తగా చెప్పేదేముంటుంది? అయినా పౌరధర్మం కాబట్టి చెబుతాను.

ముందుగా ఒక చిక్కు. ఈ తోట ఎవరిది? చెట్లు ఉద్యానశాఖవి. మ్యూజియం పురావస్తు శాఖది. బాలభవన్ విద్యాశాఖది, తోరణం సాంస్కృతిక శాఖది. అసెంబ్లీ శాసనసభ సచివాలయానిది. గేటు దాటితే రోడ్డు కార్పొరేషన్‌ది, రోడ్డు మీద విజిల్ ట్రాఫిక్ పోలీసుది. ఇప్పుడు మ్యూజియం గోడ పక్కన, వేపచెట్టు కింద, అసెంబ్లీ స్టిక్కరున్న ఒక తెల్ల కారు ఆగి ఉందనుకోండి. దాన్ని తీయమనే అధికారం ఏ శాఖకి ఉంది? నీడ మాత్రం ఉద్యానశాఖదేనని అందరూ ఒప్పుకుంటారు.

ఇలాంటి చిక్కులు విప్పడానికే ప్రశ్నోత్తరాల సమయం ఉంది. ప్రశ్నకి నక్షత్రం గుర్తుంటే మంత్రిగారు లేచి నోటితో జవాబివ్వాలి, లేకపోతే కాగితం మీద ఇచ్చినా సరిపోతుంది. సభ్యుల శ్రమ తగ్గించడానికి నేనే ఒక నమూనా ప్రశ్న ఊహించి రాశాను. (ఎ) పబ్లిక్ గార్డెన్స్‌లో వాహనాలు అడ్డదిడ్డంగా నిలుపుతున్న విషయం ప్రభుత్వ దృష్టికి వచ్చిందా? (బి) వచ్చినచో, పార్కింగ్ రుసుము ఎవరు వసూలు చేస్తున్నారు, అది ఏ పద్దులో జమ అవుతోంది? (సి) ప్రాంగణంలో ఏయే కట్టడాలు అద్దెకి గానీ లీజుకి గానీ ఇచ్చారు, గడువెంత? దీనికి వచ్చే జవాబు కూడా నాకు కంఠతా వచ్చు. (ఎ) లేదండీ. (బి), (సి) ఈ ప్రశ్నలు ఉత్పన్నం కావు.

గమనించారా, మొదటి జవాబు ఒక్కటి సరిగ్గా పడితే మిగతావన్నీ పుట్టకముందే పోతాయి. దృష్టికి రాకపోవడమనేది ప్రభుత్వానికున్న అతి విలువైన ఆస్తి. దాన్ని ఇంతవరకూ ఎవరికీ లీజుకివ్వలేదు.

అనుబంధ ప్రశ్నలు వేసే గట్టి సభ్యుడు ఉంటాడనుకుందాం. "అధ్యక్షా, మంత్రిగారు వచ్చిన దారిలోనే..." అంటూ మొదలుపెడతాడు. అప్పటికి మైకు కట్టవుతుంది, లేదా ఎదుటి పక్షం గత ప్రభుత్వ హయాంలో ఆ చెట్టు కింద ఎన్ని కార్లుండేవో లెక్క తీస్తుంది. తర్వాత వాకౌట్. వాకౌట్ చేసినవాళ్లు నేరుగా బండ్ల దగ్గరికే వెళతారు కాబట్టి పార్కింగ్ స్థలంలో శాసన పర్యవేక్షణ జరగలేదని ఎవరూ అనలేరు.

ఇక పీఏసీ. ప్రభుత్వం ఖర్చుపెట్టాక ఆ లెక్క చూసే సంఘం ఇది. ప్రభుత్వం వాళ్ల లెక్క ప్రభుత్వం వాళ్లే చూస్తే బాగుండదని పార్లమెంటులో 1967 నుంచి దీని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. మన దగ్గరా అదే మర్యాద పాటిస్తామన్నారు. కానీ ఆ కుర్చీలో కూర్చున్న మనిషి ఇంతకీ ఏ పక్షమన్నదే 2024లో పెద్ద రగడైంది. అదీ పార్కింగ్ తగాదానే. రిజిస్ట్రేషన్ ఒక పార్టీ పేరు మీద, బండి ఆగింది ఇంకో పార్టీ వాకిట్లో అని ఫిర్యాదు. అలా ఇంకొన్ని బండ్ల మీద కూడా ఫిర్యాదులు చేరి, పార్టీ ఫిరాయించారన్న మొత్తం పది మంది ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పీకర్‌ని ఆదేశించాల్సి వచ్చింది. సొంత సభ్యుల పార్కింగ్ తేల్చడానికే ఢిల్లీ దాకా పోవాల్సిన సభని వేపచెట్టు కింద కారు గురించి నిలదీయడం నాకే మొహమాటంగా ఉంది.

అసలు చట్టం లేక కాదు. 2018లో మాల్స్, మల్టీప్లెక్సుల కోసం రాష్ట్ర ప్రభుత్వం చక్కటి ఉత్తర్వు ఇచ్చింది. మొదటి అరగంట పార్కింగ్ ఉచితం. గంట లోపైతే ఏదైనా కొన్న బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే పార్కింగ్ చార్జీ కన్నా బిల్లు ఎక్కువుండాలి. దీన్ని యథాతథంగా పబ్లిక్ గార్డెన్స్‌కి వర్తింపజేయాలని నా ప్రతిపాదన. సంతకం పెట్టి అరగంటలో బయటపడే సభ్యులకి ఎలాగూ పూర్తిగా ఉచితం. గంట లోపు ఉన్నవాళ్లు ఏదో ఒక బిల్లు చూపించాలి, సభలో బిల్లులకి కొదవ లేదు. గంట దాటి కూర్చుని చర్చ వినేవాళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ఖజానాకి దానివల్ల పెద్దగా వచ్చేదేం ఉండదు.

మ్యూజియం విషయంలో మాత్రం ఒక ఇబ్బంది. అక్కడ ఒక ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు తెప్పించి ఏడో నిజాంకి బహూకరిస్తే, 1930లో మ్యూజియం చేరింది. అరగంట ఉచితం పోను దాదాపు వందేళ్ల చార్జీ ఆమె పేరు మీద బకాయి తేలుతుంది. ఆమె తరఫున ఒక్క మాట చెప్పాలి. ఇన్నేళ్లలో తనకిచ్చిన చోటు దాటి పక్కవాళ్ల స్థలంలో జరగలేదు, డబుల్ పార్కింగ్ చేయలేదు, గన్‌మెన్‌ని పంపి ఎవరినీ అదిలించలేదు. ఆ ప్రాంగణంలో నియమాలు పాటిస్తున్న ఏకైక నివాసి కాబట్టి ఆమెకి బకాయి మాఫీ చేయవచ్చు.

పోలీసుల కృషి కూడా మరవకూడదు. సమావేశాలు మొదలైతే అసెంబ్లీ చుట్టూ నాలుగు కిలోమీటర్ల మేర నిషేధాజ్ఞలు పెడతారు. ఐదుగురు మనుషులు ఒక చోట నిలబడకూడదు. ఐదు కార్లు నిలబడవచ్చు.

లీజుల గురించి మనవాళ్లకి అనుభవం లేదని కొందరు అంటారు, అది అన్యాయం. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డుని 2023లో 7,380 కోట్లకి ముప్పై ఏళ్లు లీజుకిచ్చిన రాష్ట్రం మనది. ఆ లీజు మీద ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) వేస్తున్నట్టు 2024 డిసెంబరులో ఇదే సభలో ప్రకటించిన రాష్ట్రం కూడా మనదే. ఇచ్చేటప్పుడు ఒక ప్రభుత్వం, విచారించేటప్పుడు ఇంకో ప్రభుత్వం. శ్రమ విభజన అంటే ఇదీ. రింగ్ రోడ్డు ముందు తోటలో హాలు అద్దె ఏపాటి లెక్క అని సభ్యులు అనుకుంటే తప్పుపట్టలేం.

అయినా పద్ధతిగా చేద్దామనుకుంటే సభాసంఘం వేసి అధ్యయన యాత్రకి పంపాలి. అందుకు తగిన చోటు లాస్ ఏంజలిస్‌లోని ఎక్స్‌పోజిషన్ పార్క్. అదీ రాష్ట్ర ప్రభుత్వ భూమే, అందులోనూ మ్యూజియాలే. పక్కనున్న యూనివర్సిటీ వాళ్లు అందులోని కొలిజియం స్టేడియాన్ని 98 ఏళ్ల లీజుకి తీసుకున్నారు. ఫుట్‌బాల్ ఉన్న రోజు పార్కింగ్ అంతా ఆటకే పోతే మా దగ్గరికొచ్చే పిల్లలెక్కడ ఆగాలని మ్యూజియాల వాళ్లు గోల పెట్టారు. అక్కడే ఎండీవర్ అంతరిక్ష నౌక ఉంది. 2012లో దాన్ని ఊరి వీధుల్లోంచి తీసుకెళ్లి అక్కడ నిలపడానికి సుమారు 400 చెట్లు కొట్టారు. ఒక్క బండి పార్కింగ్‌కి! మన కాన్వాయ్‌లు ఇంకా అంతదాకా వెళ్లలేదని చెప్పుకోవడానికైనా ఆ యాత్ర అవసరం. కాలిఫోర్నియా శాసనసభ ఆ పార్కుకి ఆరు వందల కిలోమీటర్ల దూరంలో శాక్రమెంటోలో ఉంటుంది, పాపం వాళ్లకి కిటికీ సౌకర్యం లేదు. జూలైలో వెళితే మన తెలుగు సంఘాల మహాసభలు కూడా కలిసొస్తాయి. శాలువాలు అక్కడే కప్పుతారు, టీఏ, డీఏ ఇక్కడ తీసుకోవచ్చు.

యాత్ర నివేదిక వచ్చేదాకా ఒక తాత్కాలిక ఏర్పాటు సూచిస్తున్నాను. మన అసెంబ్లీ పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. 2018 నుంచి రైళ్లు ఆగుతున్నాయి, పేరు కూడా అసెంబ్లీ అనే పెట్టారు, ఎవరికోసమో అడగాల్సిన పని లేదు. 119 మంది శాసనసభ్యులు, 40 మంది మండలి సభ్యులు అందులో దిగి నడిచొస్తే వేపచెట్టు కింద కారు ప్రశ్న నిజంగానే ఉత్పన్నం కాదు. సభ్యులకి ఉచిత మెట్రో పాసు ఇవ్వాలని తీర్మానం పెడితే రెండు పక్షాలూ బల్లలు చరిచి ఏకగ్రీవంగా ఆమోదిస్తాయి. కారు అడ్వాన్సు, డీజిల్ అలవెన్సు యథాతథంగా కొనసాగుతాయన్న చిన్న సవరణతో.